అరుగు మీద వానపాము పాఠం

నిన్నటి వానకి మా అపార్ట్‌మెంటు మెట్ల మీదికి వానపాములు వచ్చాయి. పెద్ద చదువులు చదివినవాళ్లంతా కెవ్వుమని లిఫ్టెక్కేశారు. నాకు మాత్రం 1960ల చివర్లో, నరసన్నపేటలో మా ఇంటి అరుగు కళ్లముందు మెదిలింది. మన కాలంలో చదువంటే వీధంతా వినేలా గొంతెత్తి చదవడమే, గుర్తుందా?

ఆ ఏడాది మా నాన్నకి మూత్రపిండాలు చెడిపోయి, కాళ్లకీ మొహానికీ నీరు పట్టింది. అరుగు మీద నులకమంచం, పక్కన ఉప్పులేని గంజి. ఆ మంచం దగ్గరే కూర్చుని నేను సైన్సు చదువుతున్నాను: "వానపాము శరీరంలో దాదాపు ప్రతి ఖండంలోనూ సన్నని గొట్టాలుంటాయి. అవి మలినాలను వడకట్టి, ఎక్కువైన నీటిని బయటికి పంపుతాయి." అక్కడ నా చూపు నాన్న ఉబ్బిన కాళ్ల మీద పడింది.

లోపలినుంచి అమ్మ, "ఆపీయే ఆ పురుగుల సదువు," అంది.

నాన్న కళ్లు తెరిచారు. "ఆపకే. పురుక్కి ఒళ్లంతా ఇచ్చినోడు, నాకాడికొచ్చేసరికి రెండిచ్చి సేతులు దులిపీసుకున్నాడు. దానికైనా బాగా పన్జేస్తన్నాయి కదా, ఇననీవే."

చదివాను. పరీక్షల నాటికి నాన్న లేరు. ఆ పాఠం మాత్రం నాకు ఇప్పటికీ మనసులో చదువుకోవడం రాదు, గట్టిగానే వస్తుంది.