ఏడిళ్ళ వరుసలో దక్షిణ వాకిలి

2010 జూలై. న్యూజెర్సీలో, న్యూయార్క్‌కి నది ఇవతల ఉన్న ఒక పాత పట్టణంలో, సిటీ ప్లానింగ్ ఆఫీసులో నేను హిస్టారిక్ ప్రిజర్వేషన్ రివ్యూయర్‌గా పనిచేస్తున్నాను. ఆ ఉద్యోగం ఏమిటో మనవాళ్ళలో చాలామందికి తెలియదు. పాత ఇళ్ళున్న కొన్ని వీధులను హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌గా ప్రకటిస్తారు. అక్కడ ఇంటి బయటి రూపం మార్చాలంటే యజమాని ముందు మా ఆఫీసుకి అర్జీ పెట్టుకోవాలి. నేను వెళ్ళి గోడలూ కిటికీలూ చూసి, ఏది ఎప్పటిదో తేల్చి రిపోర్టు రాస్తాను. కమిషన్ సభ్యులు దాన్ని చదివి నిర్ణయం చెబుతారు. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొత్త కట్టడాలు ఎలా లేపాలో నేర్పారు. పాతవాటిని ఎలా చదవాలో ఈ ఊళ్ళో నేర్చుకున్నాను.

మా డిస్ట్రిక్ట్‌లో ఎక్కువగా ఉన్నవి విక్టోరియన్ కాలపు రో హౌసులు. ఒకదానికొకటి అంటుకుని ఉండే ఇటుక ఇళ్ళు అవి. రెండిళ్ళ మధ్య ఉమ్మడి గోడను పార్టీ వాల్ అంటారు. వీధి నుంచి గుమ్మానికి ఎక్కే రాతి మెట్లు స్టూప్. ఎక్కడానికే కాదు, సాయంత్రం కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి కూడా. మన వీధి అరుగు చేసే పనే అది చేస్తుంది. ఇవి జమీందార్ల మేడలు కావు. గుమాస్తాల కోసం, రేవులో పనిచేసేవాళ్ళ కోసం ఒకే మేస్త్రీ ఒకే ఊపులో కట్టిన వరుసలు. విడిగా చూస్తే ఏ ఇంట్లోనూ గొప్పేమీ కనిపించదు. గొప్పంతా వరుసది.

ఆ జూలైలో వచ్చిన అర్జీ ఏడిళ్ళ వరుసలో తూర్పు కొసనున్న ఇంటిది. కొన్నవాళ్ళు వంశీ, స్వప్న. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే.

"ఆంటీ, బయట నేమ్‌ప్లేట్ చూశాక సగం టెన్షన్ పోయింది. మనవాళ్ళే కదా, కొంచెం చూడండి," అన్నాడు వంశీ కూర్చుంటూనే.

"ఈ టేబుల్‌కి ఇవతల ఆంటీలెవరూ లేరు. ప్లాన్ చూపించండి," అన్నాను.

ప్లాన్ చూస్తే నా కనుబొమలు పైకి లేచాయి. వీధివైపు దక్షిణ గుమ్మం మూసి కిటికీ పెడతారట. స్టూప్ తీసేస్తారట. సందువైపు తూర్పు గోడకి కొత్తగా తలుపు కోస్తారట. హైదరాబాదు నుంచి ఒక వాస్తు సలహాదారు ఫోన్‌లోనే చెప్పాడట. వంశీ తన ఫోన్‌లో దిక్సూచి తెరిచి నా టేబుల్ మీద పెట్టాడు.

"ఎగ్జాక్ట్ సౌత్, ఆంటీ. వన్ డిగ్రీ కూడా తేడా లేదు."

"దిక్కు గురించి మనకి గొడవ లేదు. ఏడు గుమ్మాల్లో ఒకటి మూస్తే పలువరసలో పన్ను ఊడినట్టుంటుంది. పైగా తూర్పు గోడ వరుసకి చివరి గోడ. అటువైపు ఆనుకోవడానికి ఇంకో ఇల్లు లేదు. అందులో కొత్తగా కన్నం కొడితే కదలిక పక్కింటిదాకా పోవచ్చు."

అతని ముఖం వాడిపోయింది. పార్కింగ్ మీటర్‌లో చిల్లర వేయాలంటూ లేచి వెళ్ళాడు. స్వప్న తలుపువైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఇప్పుడుంటున్న అపార్ట్‌మెంట్ కూడా సౌత్ ఫేసింగే ఆంటీ. అక్కడ నాకు రెండుసార్లు మిస్‌క్యారేజ్ అయింది. ఇప్పుడు మూడో నెల. తను సరిగ్గా నిద్రపోవట్లేదు. ఏడో నెల వస్తే గృహప్రవేశం చేయకూడదట. ఆలోపు డోర్ మారకపోతే ఇల్లు అమ్మేద్దాం అంటున్నాడు."

"మరి మీరేమంటారు?"

"నాకా ఇల్లు చాలా ఇష్టం. కానీ మళ్ళీ ఏమైనా అయితే, నువ్వే వద్దన్నావ్ అనిపించుకోలేను."

నా రిపోర్టులో భయానికి గడి లేదు. నేను ఏమీ మాట ఇవ్వలేదు. వచ్చే వారం ఇల్లు చూడడానికి వస్తానన్నాను.

వెళ్ళేసరికి ఖాళీ ఇంట్లో మడత కుర్చీల మీద వాళ్ళిద్దరితోపాటు స్వప్న తల్లి అనసూయమ్మగారు కూర్చుని ఉన్నారు. తెనాలి నుంచి కూతురికి సాయంగా వచ్చారు. ఫ్లాస్కులోంచి నాకు కాఫీ పోస్తూనే అల్లుడి మీద ఫిర్యాదు మొదలుపెట్టారు.

"చూడండి వదినగారూ! మా పుట్టింటిది దక్షిణం వాకిలే. అయిదుగురం పుట్టాం, అయిదుగురం గుండ్రాయిల్లా ఉన్నాం. చెబితే అల్లుడుగారు వింటేగా! తెనాలిలో పుట్టిన నాకు లేని వాస్తు ఈయనకి కంప్యూటర్లో దొరికింది."

"అత్తయ్యగారూ, ప్లీజ్," అన్నాడు వంశీ.

"సరే బాబూ, నోరు మూసుకుంటా. ఒక్క మాట. వదినగారూ, వీటిని విక్టోరియా రాణి ఇళ్ళంటారట. ఆవిడ ఇక్కడెప్పుడు ఏలింది?"

"ఇక్కడ ఏలలేదండీ. ఆ కాలానికి ఆవిడ పేరు అంటుకుంది, ఇళ్ళకీ అదే వచ్చింది."

"అయితే ఇల్లు కట్టింది ఒకరు, పేరు ఇంకొకరిది. అన్నిచోట్లా అంతే!"

ఇంటిని అమ్మిన ఏజెంట్ కాగితంలో కట్టిన సంవత్సరం 1880 అని ఉంది. సున్నాతో ముగిసే సంవత్సరాలను నేను నమ్మను. కాబట్టి మామూలుగానే కిటికీ చట్రాలు, మేకులు, చెక్కపని చూసుకుంటూ వచ్చాను. ముందుగదిలో తూర్పు గోడ అడుగున ఉన్న చెక్కపట్టీ దగ్గర ఆగాను. అన్ని గోడలకీ ఒకే పొడవైన పట్టీ ఉంది. అక్కడ మాత్రం మధ్యలో ఒక ముక్క అతికించారు. వెడల్పు టేపుతో కొలిస్తే ఒక తలుపుకి సరిపోతుంది.

వెంటనే బయటికి, వీధికంటే ఎత్తుగా ఇంటి నేలదాకా లేచిన సందులోకి వెళ్ళాను. గోడ నిండా ఐవీ తీగ, దాని కింద మందపాటి రంగు. వంశీని అడిగి కొంత తీగ పక్కకి తీయించాను. రంగు కింద ఇటుకలు విల్లులా వంగి కనిపించాయి. ఆర్చ్. దాని రెండు కొసల నుంచీ కిందికి నిలువుగా ఒక్కో తిన్నని గీత.

"మీ గోడలో తలుపుంది," అన్నాను.

"ఎక్కడా?"

"మూసేశారు. ఎవరు, ఎప్పుడన్నది చూద్దాం. తర్వాత కోసిన తలుపైతే నాకు పనికిరాదు. గోడతోపాటే పుట్టినదైతే మాట వేరు."

నా ఇంటి తాళంచెవి తీసి ఇటుకల మధ్య అతుకును గీశాను. పాత మేస్త్రీలు వాడింది సున్నం. గీస్తే పొడిలా రాలుతుంది. సిమెంటైతే తాళంచెవి జారిపోతుంది. తలుపు మూసిన ఇటుకల మధ్య జారింది. ఆర్చ్‌లో రాలింది. చుట్టూ గోడలో కూడా రాలింది, అదే రంగు ఇసుకతో. తలుపు అంచున ఇటుకలు కోసినవి కావు, కొలతకి పేర్చినవి. అంటే ఈ తలుపు గోడతోపాటే పుట్టింది. కింద మట్టి తోస్తే రాతి గడప బయటపడింది. మధ్యలో అరిగి గుంటపడి ఉంది.

అనసూయమ్మగారు వంగి ఆ గుంటలో అరచెయ్యి ఆనించారు. "అమ్మో, ఎంతమంది తొక్కారో!"

ఆ ప్రశ్నకి జవాబు పక్కింటి స్టూప్ మీద ఉంది. అక్కడ కూర్చున్నది హెలెన్, ఎనభై ఏళ్ళావిడ. ఆ ఇంట్లోనే పుట్టింది. నేను సందులోంచి రాగానే నిలదీసింది.

"ఆ మెట్లు పీకేస్తారటగా? కమిషన్‌కి వచ్చి అడ్డం చెబుతాను, ముందే చెప్తున్నా."

"మెట్ల సంగతి తర్వాత. ఆ పక్కగోడలో తలుపు మీకు గుర్తుందా?"

కాసేపు ఆలోచించి నవ్వింది. "అక్కడ కొట్టుండేది. బ్రెడ్ తెమ్మని అమ్మ నన్ను ఆ తలుపు దగ్గరికే పంపేది. ముందు తలుపు మేడ మీద ఉండేవాళ్ళది. అది తట్టితే తిట్టేవాళ్ళు. నేను బడిలో చేరాక మూసేశారు."

మనిషి జ్ఞాపకం రుజువు కాదు. కానీ గోడ చెప్పినదీ ఆవిడ చెప్పినదీ ఒకటే అయ్యాయి. నేను వరుసనంతా ముందువైపు నుంచే చూస్తూ వచ్చాను. వీధిలో అందరూ రోజూ వెళ్ళిన గుమ్మం మాత్రం పక్కన ఉంది.

వంశీకి రెండు సంగతులు చెప్పాను. పాత తలుపు తిరిగి తెరవడానికి నేను సిఫారసు చేస్తాను. ఆర్చ్ బరువు మోస్తోంది కాబట్టి గోడకి ప్రమాదం లేదు. ముందు గుమ్మమూ స్టూపూ మాత్రం కదలకూడదు.

"కానీ సౌత్ డోర్ క్లోజ్ చెయ్యాలన్నారు ఆంటీ."

"ఉండాలన్నదే మా రూలు. తెరిచి తీరాలని ఎక్కడా లేదు. తాళం వేసుకోండి."

అతను సందేహంగా హైదరాబాదుకి ఫోన్ చేయబోయాడు. స్వప్న చెయ్యి పట్టుకుంది. "వద్దు వంశీ. తూర్పు దొరికింది కదా. నన్ను ఇక్కడ ఉండనీ."

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

సెప్టెంబరులో కమిషన్ ముందుకి వెళ్ళాం. ఒక సభ్యుడు అడిగాడు: "వీళ్ళ నమ్మకం కోసం మనం హెరిటేజ్‌ని మారుస్తామా?" తలుపు ఎందుకు కావాలన్నది వాళ్ళ విషయమనీ, తలుపు ఉండేదన్నది గోడ విషయమనీ, నేను రాసింది రెండోదనీ చెప్పాను. హెలెన్ చెప్పినట్టే వచ్చింది, కానీ మెట్లు కదలవని తెలిసి వాళ్ళ తరఫునే మాట్లాడింది. సభ్యులు ఒప్పుకున్నారు. దసరా వెళ్ళాక, ఆరో నెలలోనే, స్వప్న అరిగిన ఆ గడపకి పసుపు రాసి కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ రోజు నాకు ఆంటీ అన్న పిలుపుకి అభ్యంతరం లేకపోయింది.

జనవరిలో పెద్ద మంచు పడింది. ఆ వారమే అనసూయమ్మగారు ఫోన్ చేశారు.

"ఆడపిల్ల వదినగారూ! తల్లీపిల్లా క్షేమం. ఆస్పత్రి నుంచి నిన్న తెచ్చుకున్నాం."

"తూర్పు వాకిలి నుంచే కదా?"

"ఎక్కడ! సందంతా మోకాలి లోతు మంచు. హెలెనమ్మ ఎవరినో పెట్టి తన మెట్లూ మన మెట్లూ శుభ్రం చేయించి, కాలు జారకుండా ఉప్పు చల్లించింది. అల్లుడుగారు పిల్లని పట్టుకుని సందు చూశారు, మెట్లు చూశారు. గమ్మున ముందు తలుపు తాళం తీసి లోపలికొచ్చేశారు. నేను ఒక్క మాటంటే ఒట్టు!"

"మీరు అనలేదంటే నమ్మమంటారా?"

"సరే, లోపలికొచ్చాక ఒక్కటి అన్నాననుకోండి."

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, ఇంటి ముఖం ఒక్కటే చూసి రిపోర్టు రాయలేదు. పక్కకి, వెనక్కి వెళ్ళి, మనుషులు నిజంగా ఎటునుంచి వచ్చేవాళ్ళో వెతికాను. ఇంకొకటి కూడా తెలిసింది. ఏ తలుపు పాతదో, ఏది ఉండాలో నేను చెప్పగలను. ఏది ఎప్పుడు తెరుచుకోవాలన్నది మాత్రం లోపలివాళ్ళు తేల్చుకుంటారు, ఒక్కోసారి పక్కింటివాళ్ళు తేలుస్తారు.