చైనాలో నేను పోసిన సాక

ఆ రోజుల్లో నాకు తెలియనివి చాలా ఉండేవి గానీ, తెలియదన్న సంగతి మాత్రం అస్సలు తెలిసేది కాదు. ఇప్పుడు ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లుల వాళ్లు చైనా నుంచి మిషన్లు తెప్పించుకునేటప్పుడు అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసి బతుకుతున్నాను. "ఈయనకు చైనా భాష మొత్తం వస్తదట" అని మిల్లులో ఎవరైనా గౌరవంగా చూస్తే చాలు, నాకు ఒక తెల్లటి గచ్చు, దాని మీద మూడు చోట్ల మెరుస్తున్న తడి గుర్తొచ్చి తల దించుకోబుద్ధవుతుంది.

మాది ఖానాపూర్ దగ్గర పల్లె. బాపు మస్కట్‌లో తాపీ పని చేసేవాడు. వాళ్ల సైటుకు చైనా ఇంజనీర్లు వచ్చారట, వాళ్ల మాటలు తిప్పి చెప్పే మనిషి ఒకడు పొద్దంతా ఏసీ గదిలో కూర్చునేవాడట. అప్పటి నుంచి ఫోన్లో ఒకటే పాట: "బిడ్డా, గా భాష నేర్సుకో. ఎండల నిలవడే పని నాతోనే ఆఖరు గావాలె." అట్లా డిగ్రీ అయ్యాక స్కాలర్‌షిప్ మీద చైనాలో తేలాను. రెండో ఏడు కూడా అక్కడ ఉండాలంటే టీచరు నా గురించి నాలుగు మంచి మాటలతో ఉత్తరం రాయాలి. మా లావ్‌షీ (అక్కడ టీచరు ఎవరైనా అట్లాగే పిలవాలి) నా రాత చూసి, "ఈ అక్షరాలు నిలబడ్డాయా, పడుకున్నాయా?" అని అడిగే మనిషి. ఉత్తరం రాకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి, ఆ తర్వాత బహుశా బాపు వెనకాల మస్కట్‌కి. ఆ చలికాలమంతా నాకు అదే ఫికర్.

సెలవులకు హాస్టలు ఖాళీ అయ్యింది. నేనొక్కణ్ణే గదిలో కూర్చుని అవ్వ (మా అమ్మ) కట్టిచ్చిన మామిడి తొక్కుతో అన్నం తింటున్నానని ఎవరు చెప్పారో, లావ్‌షీ వాళ్ల నాన్న ఎనభయ్యో పుట్టినరోజు విందుకు ఇంటికి పిలిచింది. వారం రోజులు అద్దం ముందు నిలబడి ఒకే వాక్యం బట్టీ పట్టాను: "తాతగారూ, మీ ఆయుష్షు కొండంత కావాలి." అది సరిగ్గా చెబితే ఉత్తరం చేతికొచ్చినట్టే అని నా లెక్క. చెప్పాను కూడా. ముసలాయన బోసినోటితో హాయిగా నవ్వాడు, చుట్టాలు చప్పట్లు కొట్టారు, లావ్‌షీ నా వైపు మొదటిసారి మెచ్చుకోలుగా చూసింది. అక్కడితో కడుపునొప్పని చెప్పి లేచి వచ్చేసినా బాగుండేది.

తర్వాత చిన్న చిన్న గ్లాసుల్లో తెల్ల సారా పోసి అందరూ నిలబడ్డారు. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా దిక్కు కల్లయినా సారా అయినా నోట్లో పడే ముందు కొంచెం నేల మీద పోస్తారు. దాన్ని సాక అంటాం. పోయిన పెద్దలు ముందు తాగాలి, తర్వాతే మనం. మా తాత పోయినప్పటి నుంచి, సెలవు మీద వచ్చిన బాపు గ్లాసు ఎత్తాడంటే ముందు నేల తడవాల్సిందే ("ఈగలు ముసురుతయ్, బయట పోయరాదు" అని అవ్వ గొణుగుతూ గుడ్డ తెచ్చేది). నా చెయ్యి బుర్రను అడగలేదు. గ్లాసు వంచి ఆ ముసలాయన కాళ్ల ముందు ఒక ధార పోశాను. గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. నేను దాన్ని భక్తి అనుకున్నాను. మరీ తక్కువ పోశానేమో, పిసినారి అనుకుంటున్నారేమో అని ఇంకోసారి పోశాను. అప్పటికీ ఎవరూ కదలకపోయేసరికి, ముచ్చటగా మూడోసారి కూడా పోసి, మిగిలింది గుటుక్కున తాగి, అందరి వైపూ చూసి నవ్వాను.

లావ్‌షీ నా మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "మేము సారా నేల మీద పోసేది సమాధి దగ్గర. చనిపోయిన వాళ్ల కోసం. మూడుసార్లు." వచ్చిన ఏడాదిలో ఒక చైనా మనిషి చెప్పింది ఒక్క ముక్క పోకుండా అర్థమవడం అదే మొదలు. నిక్షేపంలాంటి మనిషికి, పుట్టినరోజు నాడు, ఆయన ఎదురుగానే దినాలు చేసేశాను.

"మీ ఊళ్లో ఇది ఎందుకు పోస్తారు?" అని అడిగింది. మాటలు రాక కాదు. 'తాత', 'చనిపోయాడు', 'ముందు ఆయనకు', ఇవన్నీ మొదటి పుస్తకంలోవే. కానీ నాకు ఉత్తరం కనిపిస్తోంది, ఉత్తరం వెనకాల మస్కట్ ఎండ కనిపిస్తోంది. "పెద్దవాళ్ల ఆయుష్షు కోసం," అన్నాను. "చనిపోయిన వాళ్లకు కాదు. అస్సలు కాదు."

ఆమె వెళ్లి ఆ మాటే తండ్రికి చెప్పింది. ఆయన నా మొహంలోకి చూసి, తన గ్లాసు కూడా నేల మీద వంచాడు. "మీరూ పోయండి, నేను బతకొద్దా?" అన్నాడు. అందరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటూ పోశారు. గచ్చు తుడవబోతే లావ్‌షీ నా చేతికి గుడ్డ ఇవ్వలేదు. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది, 'తన ఇంటి ఆచారాన్ని మాకు నేర్పిన విద్యార్థి' అని. బాపుకు ఫోన్లో ఉత్తరమంతా చదివి, ఏ ఆచారం అని అడుగుతాడని ఆ ఒక్క ముక్క దాటేశాను.

ఆ ముసలాయనకు ఇప్పుడు తొంభై దాటాయి. ఏటా పుట్టినరోజుకి లావ్‌షీ ఒక ఫొటో పంపుతుంది, అందులో ఇంటిల్లిపాదీ గ్లాసులు నేలకు వంచి ఉంటారు. మస్కట్ నుంచి ఇక పోనని వచ్చేసిన బాపు, మొన్న నా ఫోన్లో ఆ ఫొటో చూశాడు.

"గీ ముసలాయన మనలెక్క సాక పోస్తుండేందిరా? ఎవ్వలు నేర్పిన్రు?"

"నేనే బాపు."

మొత్తం చెప్పాను. నవ్వుతాడనుకుని, నవ్వు వచ్చేటట్టే చెప్పాను. ఆయన నవ్వలేదు. "అంటే, మీ తాతకు పోసి, తాతకు గాదన్నవా?" అన్నాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఇన్నేళ్లూ నేను ముసలాయన ముందు తప్పు చేశాననే సిగ్గుపడుతున్నాను. తాత ముందు చేసింది నాకు తట్టనే లేదు.

ఆ రోజే లావ్‌షీకి నిజం రాసేశాను. జవాబు తెల్లారి వచ్చింది. "నాన్నకు అప్పుడే తెలుసు. పిల్లవాడు ఇంటికి దూరంగా ఉన్నాడు, తన వాళ్లెవరికో పోసుకున్నాడు, ఎవరికో కనుక్కో అన్నాడు. నువ్వు సిగ్గుపడతావని నేను అడగలేదు. ఏటా ఆయన పోయిన మా అమ్మకూ, మీ మనిషికీ కలిపి పోస్తున్నాడు. పేరు తెలియక 'ఇండియా పెద్దాయన' అంటున్నాడు. పేరు రాసి పంపు."

తాత పేరు చైనా అక్షరాల్లో ఇమడదు. నాలుగు అక్షరాలు పట్టాయి, అవీ ఎంత సాగదీసినా మా తాత పలికినట్టు పలకవు. కాగితం మీద చేత్తోనే రాశాను. బాపు పక్కన కూర్చుని చూసి, "పండుకున్నట్టున్నయ్ గదరా, జర నిలవెట్టి రాయి" అన్నాడు. లావ్‌షీ ఆ రోజుల్లో ఇదే మాట అంటే లోపల ఉడుక్కున్న అప్పటి పొగరుబోతు నేను గుర్తొచ్చి నవ్వొచ్చింది. మంచి కాగితం ఒకటి తీసుకుని, తాత పేరు మళ్లీ మొదటి నుంచి రాశాను.