రొట్టె చప్పుడుతో జవాబు

మా ఆయన పేరు ఇక్కడ రాయను. కట్టుకున్ననాటి నుంచి నా నోటితో అనని పేరును ఇప్పుడు కలంతో అనడమెందుకు? ఆయన కూడా నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. మరీ అవసరం పడితే "ఇగో" అనేవాడు. ఆ "ఇగో" కూడా మా అత్త చెవిన పడకుండా అనాలి.

మాదన్నపేటలో మా అత్తవారిది చింతపండు వ్యాపారం. ముందు గదిలో మా బావగారు, అంటే ఆయన అన్న, తక్కెడ ముందేసుకుని కూర్చునేవాడు. వంటింటికీ వాకిలికీ మధ్య మంచం వేసుకుని మా అత్త కూర్చునేది, సుంకం నాకా మీద జవానులాగా. పెద్దవాళ్ల ఎదుట మొగుడూ పెళ్లాం మాట్లాడుకోకూడదని ఆ ఇంటి కట్టుబాటు. ఆ ఇంట్లో పెద్దవాళ్లు లేని చోటేది? రాత్రి అర్రలో మాట్లాడుకోవచ్చు కదా అంటారేమో. గోడ అవతల అత్త దగ్గితే ఇవతల మా దీపం వణికేది. రెండు మాటలు గుసగుసగా అనుకుని నిద్రపోయేవాళ్లం. గుసగుసలో గొంతేం తెలుస్తుంది? కాపురానికి వచ్చి ఏడాది దాటినా మా ఆయన అసలు గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలియదంటే నమ్మండి.

తమాషా ఏమిటంటే, ఆయన బతుకుతెరువే మాట్లాడటం.

ఇంగ్లీషు చదువు అబ్బినందువల్ల ఆయనకు చింతపండు అబ్బలేదు. పెద్ద యుద్ధానికి ముందు ఆ రోజుల్లో, చలికాలం వస్తే లోకమంతా తిరిగే జహాజులు బొంబాయి రేవులో కొన్నాళ్లు ఆగేవి. అందులోని దొరలూ దొరసానులూ గుంపులుగా రైలెక్కి మన పట్నం వచ్చేవారు. గోల్కొండ శిథిలాలు చూసి, చార్మినార్ చూసి, మళ్లీ రైలెక్కి జహాజు అందుకునేవారు. వాళ్లకు ఖిల్లా చూపించి కథ చెప్పడం ఆయన పని. ఊళ్లో అందరూ వాళ్లను జహాజోళ్లనే అనేవారు.

మా బాపుది లాడ్ బజార్‌లో గాజుల దుకాణం. ఖిల్లా చూసిన జహాజోళ్లు చివరికి ఆ సందులోకే వచ్చేవారు. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా బాపు అల్లుడి గొప్ప ఎత్తుకునేవాడు.

"అల్లుడు మాట్లాడుతుంటే, బిడ్డా, దొరలు నోళ్లు తెరిసి ఇంటరు. సందుల పోయేటోళ్లు సుత ఆగుతరు. ఒకపారి నవ్విస్తడు, ఒకపారి ఏడిపిస్తడు."

"ఏం మాట్లాడుతడు బాపూ?"

"నాకేం ఎర్క? అంతా అంగ్రేజి."

నాకు ఒళ్లు మండేది. ఇంట్లో పులి, బయట పిల్లి అని సామెత. నాకు దొరికినవాడు సామెతను తిరగేసినవాడు. ఇంట్లో బెల్లం కొట్టిన రాయి, బయట వాగే వాగు. ఏడు సముద్రాలు దాటి వచ్చినవాళ్లు వినే మాట ఏడడుగులు నడిచినదాన్ని నేను వినకూడదా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన గట్టిగా మాట్లాడుతుంటే వినాలి. భాష తెలియకపోతే పీడాపోయె, గొంతు వింటే చాలు. నాకు నగలు వద్దు, చీరలు వద్దు, ఇదే కావాలి.

ఆ కోరిక తీరే దారి గాజుల రూపంలో వచ్చింది. ఒక పొద్దున మా బాపు అరటిపండ్లు పట్టుకుని మాదన్నపేట వచ్చాడు. గుమ్మంలోనే మా అత్తతో మొదలుపెట్టాడు.

"వదినె, నా దుకాన్ల మొన్న ఒక దొరసాని చేతిల గాజు పలిగింది. నెత్తురొచ్చింది. జహాజు ఏజెంటు మస్తు లొల్లి చేసిండు. ఇగ నుంచి ఆడమనిషే తొడగాల్నట. గోల్కొండ కాడ తోటల తిననీకి కూసుంటరు, గాడికి రావాల్నట. మా బిడ్డ చెయ్యి మెత్తన. చిన్నప్పుడు నవాబుల దేవిడీలల్ల పర్దా ఎన్క బేగంలకు సుత తొడిగింది."

"ఇంటి కోడలు ఖిల్లల పొంటి తిరుగుడేంది?" అంది అత్త.

"గాజులు తొడుగుమని చెయ్యి సాపిన ఆడిదానికి లేదనొద్దు. నీకు నేను చెప్పాల్నా?"

అత్త ఇరుకున పడింది. గాజులు అడిగిన చేతిని వట్టిగా పంపితే ఇంటికి అరిష్టమని ఆమే మాకు పదిసార్లు చెప్పింది. కాసేపు ఆలోచించి, "వాళ్లకు మొగుళ్లున్నరా?" అని అడిగింది.

"ఉన్నోళ్లకే తొడుగుతది."

"అయితే పోని. చెప్పులు ఇడిసి ఎక్కుమను. గుట్ట మీద అమ్మవారున్నది."

మా ఆయన వాకిట్లో చేతులు కడుక్కుంటున్నాడు. అటు తిరిగే ఉన్నాడు, ఈ సంగతితో తనకేమీ సంబంధం లేనట్టు.

చిన్నప్పుడు ఒకసారి గోల్కొండ బోనాలకు మా అమ్మ చంకలో పోయానట. డప్పుల మోత తప్ప నాకేం గుర్తులేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, పట్నంలో పుట్టి పట్నంలో పెరిగీ ఖిల్లాను నేను కళ్లతో చూసింది ఆరోజే. బాపూ నేనూ గాజుల గంప పెట్టుకుని టాంగాలో ముందే చేరాం. తర్వాత మోటార్లు వచ్చాయి. దొరలు, దొరసానులు, గొడుగులు, నల్ల కళ్లద్దాలు. వాళ్ల ముందు షేర్వానీ, రూమీ టోపీ, చేతిలో చిన్న బెత్తం. ఎవరో నవాబుగారి మనిషి అనుకున్నాను. ఆయనే.

మాట్లాడటం మొదలుపెట్టాడు.

అబ్బ, ఏం గొంతు! దర్వాజా గోడలకు తగిలి మళ్లీ వచ్చేది. ఏనుగులు తలుపును గుద్దకుండా కొట్టిన ఇనుప మేకులు చూపించి ఏనుగులా తొండం ఊపాడు. ఫిరంగి పేలిందని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, ఎవరో చచ్చిపోయిన కబురు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. దొరసానులు కర్చీఫులు తీశారు. నేను గంప పట్టుకుని వెనక నిలబడి నోరు తెరిచి విన్నాను. ఆ పెద్ద గొంతు అంత చిన్న మా ఇంట్లో ఎక్కడ పెట్టి దాచాడా అనిపించింది. మొదట మురిసిపోయాను. కాసేపటికి ఏడుపొచ్చింది. గొంతు వింటే చాలనుకున్నాను కదా, చాలలేదు. అన్ని మాటల్లో ఒక్కటీ నాకు అందలేదు. ఆకలి మీద ఉన్నవాళ్లకు వంట వాసన చూపించినట్టయింది.

అంతటితో అయినా బాగుండు. లోపలి దర్వాజా గుమ్మటం కింద ఆయన ఆగాడు. అక్కడ చప్పట్లు కొడితే గుట్ట పైన మహల్ దాకా వినిపిస్తుంది, పట్నంలో ఎవరిని అడిగినా చెప్తారు. ఆయన బెత్తంతో గుట్ట మీదికి చూపించాడు. ఏదో అన్నాడు. తర్వాత అదే బెత్తం నా వైపు తిప్పాడు. ఇంకేదో అన్నాడు. అందరూ తిరిగి నన్ను చూసి గొల్లున నవ్వారు.

సిగ్గుతో, కోపంతో నా చెవులు కాలిపోయాయి. ఇంట్లో మాట్లాడని మొగుడు నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశాడనుకున్నాను. ఒక ముసలి దొరసాని మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పోనీ, ఈమెకైనా జాలి ఉంది అనుకున్నాను.

ఆడవాళ్లందరం పైకి ఎక్కాం. నేను అత్త మాట ప్రకారం వట్టి కాళ్లతో. ముసలామె మెట్టు మెట్టుకూ ఆగుతూ నా చెయ్యి వదల్లేదు. పైన గాలి. దూరంగా చార్మినార్ చిన్నగా, మా బాపు గంపలో ఇమిడిపోయేంత కనిపించింది. ఇంతలో కింది నుంచి వినిపించింది, చప్ చప్. పక్కనే ఎవరో కొట్టినట్టు అంత స్పష్టంగా. దొరసానులు కేరింతలు కొట్టారు. ముసలామె నా రెండు చేతులూ దగ్గరికి చేర్చి కొట్టమని సైగ చేసింది. కోపంతోనే కొట్టాను. నా గాజులు కూడా గల్లుమన్నాయి. కింద చీమంత మనిషి టోపీ తీసి పైకెత్తి ఊపాడు. నేను మొహం తిప్పుకున్నాను.

తోటలో గాజులు తొడిగాను. ఏ దేశం చేతికైనా గాజు ఆగేది బొటనవేలి కింద ఎముక దగ్గరే. అక్కడ మెత్తగా నొక్కి, చెయ్యి మడిచి, మాటల్లో పెట్టి జార్చాలి. మాటలు రావు కాబట్టి పాట ఒకటి కూనిరాగం తీశాను. ఒక్క గాజూ పగల్లేదు. ఏజెంటు సంతోషించాడు, బాపు మీసం దువ్వుకున్నాడు.

ఇంటికి వచ్చి మా ఆయన మీద అలిగాను. కాని మాటలే లేని ఇంట్లో మాట్లాడటం మానేస్తే ఎవరికి తెలుస్తుంది? నా అలక ఆయన దాకా చేరిందో లేదో కూడా నాకు తెలియలేదు. అంతకన్నా దండగ అలక ఇంకొకటి ఉండదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం నేను వంటింట్లో జొన్నరొట్టెలు కొడుతున్నాను. వీధి గుమ్మం దగ్గర వినిపించింది, చప్ చప్.

"ఏందిరా, పావురాలను తోలుతున్నవా?" అని అత్త మంచం మీది నుంచి అరిచింది.

"ఆ," అన్నాడు ఆయన.

అవి గోల్కొండ చప్పట్లని నాకు తెలిసింది. పీట మీద పిండి ముద్ద ఉంది. అరచేత్తో రెండు దెబ్బలు వేశాను, మామూలుకన్నా గట్టిగా. రొట్టె కొడితే ఎవరు ఏమంటారు? ఆయన దగ్గాడు, నవ్వు ఆపుకునే దగ్గు. ఆ రోజు నుంచి అదే మా మాట. ఆయన గుమ్మంలో చప్పట్లు కొడితే, నేను పీట మీద జవాబిచ్చేదాన్ని. పగలంతా ఆ రెండు దెబ్బల కోసమే ఎదురుచూసేదాన్ని. "నా కోడలు రొట్టె కొడితే గల్లి మొత్తం ఇనవడాలె," అని అత్త వచ్చినవాళ్లతో గొప్పగా చెప్పుకునేది. గోల్కొండలో నన్ను చూపించి ఏమన్నాడన్న ముల్లు మాత్రం లోపల అట్లాగే ఉండిపోయింది.

యుద్ధం వచ్చింది. జహాజుల్లో సిపాయిలు తప్ప షికారు దొరలు రావడం మానేశారు. ఆయన బట్టల మండీలో గుమాస్తాగా కుదిరాడు. రూమీ టోపీ పెట్టెలోకి పోయింది. బయట కూడా మాట్లాడే పని లేక మనిషి ఎండిపోయాడు. ముందు రెండు చప్పట్లు ఒకటయ్యాయి, తర్వాత అదీ ఆగిపోయింది. నేను ఊరికే పీట మీద గట్టిగా కొట్టి చూసేదాన్ని. అటు నుంచి జవాబు రాలేదు. చెప్పొద్దూ, భయమేసింది. ఆ గొంతు ఇక ఎవరికీ లేకుండా పోతుందేమోనని.

యుద్ధం అయిపోయేనాటికి అత్త పోయింది. బావగారు కిషన్‌బాగ్‌లో వేరే ఇల్లు చూసుకున్నారు. ఇంట్లో మేమిద్దరమే. ఇప్పుడు ఎంత గట్టిగా మాట్లాడినా అడిగేవాళ్లు లేరు. మాకే చేతకాలేదు. అన్నం పెడితే తినేవాడు, నీళ్లు ఇస్తే తాగేవాడు. అత్త మంచం తీసేసిన ఆ జాగాను ఇద్దరం చుట్టు తిరిగి నడిచేవాళ్లం.

ఒక శుక్రవారం, జుమ్మా కాబట్టి మండీకి సెలవు, నేను తెగించాను.

"నన్ను గోల్కొండకు తీస్కపోండ్రి."

"ఎందుకు?"

"నేను జహాజు దిగి వచ్చిన. రేపు రైలున్నది. గియ్యాల్నే సూపియ్యాలె."

ఆయన నన్ను అట్లాగే చూశాడు. తర్వాత లేచి పెట్టె తెరిచి టోపీ తీశాడు. దాని మీది దుమ్ము గుమ్మంలో దులిపాడు.

దర్వాజా దగ్గర మొదట తడబడ్డాడు. కథంతా తలలో ఇంగ్లీషులోనే ఉండిపోయిందట. ఒక్కో మాటను వెతుక్కుని తెలుగులో పెట్టాడు. ఏనుగు తొండం ఊపేసరికి దారి దొరికింది. ఫిరంగి పేలేసరికి పాత గొంతు మొత్తం వచ్చేసింది. చుట్టూ ఎవరూ లేరు. మేకలు రెండు, నేను. అంత పెద్ద కోట కథను ఒక్కదానికి, నా భాషలో, చెప్పాడు. నా జన్మలో అంత సుఖపడిన రోజు లేదు.

గుమ్మటం కింద నేను ఆగాను. "ఆనాడు గీడ్నే నన్ను సూపిచ్చి ఏమన్నరు? అందరు నవ్విన్రు గద."

ఆయన బెత్తం లేని చెయ్యి గుట్ట మీదికి ఎత్తాడు. "ఈ ఖిల్ల కట్టినోళ్లు కింద చప్పట్లు కొడితే గుట్ట మీదికి ఇనవడేటట్టు కట్టిన్రు. మా ఇల్లు మాత్రం, నేను వాకిట్ల మాట్లాడితే వంటింట్ల ఉన్న నా ఇంటామెకు ఇనవడకుంట కట్టిన్రు. గందుకే ఇయ్యాల ఆమెను గీడికి తెచ్చిన. నేను కింద కొడుత, ఆమె మీదికెల్లి జవాబిస్తది. గది అన్న."

"తెచ్చిన్రా? ఏజెంటు గద రమ్మన్నది?"

"ఆడమనిషి కావాల్నని ఏజెంటుకు ఎక్కిచ్చిందెవరు? మీ బాపును అరటిపండ్లు వట్టుకొని పొమ్మన్నదెవరు?"

ముసలి దొరసాని నా చేతులు ఎందుకు దగ్గరికి చేర్చిందో అప్పుడు అర్థమైంది.

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతిరి?"

"నువ్వు అడగకపోతివి."

"అడిగితే అత్త ఇనదా?"

"మరి చెప్తే ఇనదా?"

ఇద్దరం నవ్వాం. నేను నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మేకలు మమ్మల్నే చూశాయి.

టాంగాలో దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. టాంగావాలా కూడా వెనక్కి తిరిగి వింటూ గుర్రాన్ని మర్చిపోయాడు. మాదన్నపేట వచ్చి మా గుమ్మం ముందు దిగామో లేదో, పాత అలవాటు, ఆయన నోరు మూతపడింది. తాళం వేసి ఉన్న తలుపును చూస్తూ నిలబడ్డాడు. లోపల ఎవరూ లేరు. అయినా చేతులెత్తి రెండు చప్పట్లు కొట్టాడు.

"ఎవర్ని పిలుస్తున్నరు? నేనీడ్నే ఉన్న గద," అన్నాను.

ఆయన చేతులు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"జర ఆగుండ్రి," అన్నాను. తాళం తీసి, చెప్పులు విడిచి, చీకటి పడుతున్న ఇంట్లోకి గబగబా నడిచాను. ఈసారి మంచం జాగాను చుట్టు తిరగలేదు, నడిమి నుంచే పోయాను. పొయ్యి ముట్టించలేదు, పిండి తడపలేదు. గోడకు ఆనించిన పీటను కింద వేసి, వట్టి పీట మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాను.

అప్పుడు ఆయన లోపలికి వచ్చాడు.