బాలనర్సయ్య గారి నెత్తి

మా ఇంటి ఓనరు బాలనర్సయ్య గారిని పలకరించాలంటే నెత్తి మీద కొట్టాలి. ఉత్త నమస్కారంతో ఆయనకు తృప్తి ఉండదు. "అది సరే గని, జర ఒకటి ఏసుండ్రి" అంటూ తల వంచి నిలబడేవారు. కొట్టకపోతే నొచ్చుకునేవారు. మెల్లగా కొడితే ఇంకా నొచ్చుకునేవారు.

కొట్టించుకునేది బోడి నెత్తి మీద కాదు లెండి. ఆయన తల మీద ఎప్పుడూ ఒక టోపీ ఉండేది. తూటా తగిలినా తల దక్కడానికి సైనికులు పెట్టుకునే రకం. ఊరవతల ఒక ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో ఇరవై ఆరేళ్లు ఫిట్టరుగా పనిచేసి, ముందే రిటైర్మెంటు తీసుకుని, ఫిల్మ్‌నగర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, అచ్చులో పెట్టి నొక్కే ప్రెస్సు ఒకటి పెట్టుకుని, ఆ టోపీలు తానే తయారు చేసేవారు. "మన పోరగాండ్ల నెత్తికి బయటి దేశపోళ్ల టోపీ ఎందుకు? మన నెత్తి కొల్త మనకెరుక" అనేది ఆయన వాదన.

తొంభై ఏడులో నేను సినిమాలకు మాటలు రాద్దామని రేపల్లె నుంచి వచ్చి, మేడ మీద గది కోసం ఆయన దగ్గరికి వెళ్లాను. పెళ్లయిందా, మాంసం తింటావా అని అడుగుతారని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన అవేమీ అడగలేదు. లోపలికి వెళ్లి అప్పడాల కర్ర తెచ్చి నా చేతిలో పెట్టారు.

"కొట్టుండ్రి."

"ఎవరినండీ?"

"నన్నే. నెత్తి మీద. గట్టిగ."

ఊరు కాని ఊరు. వచ్చిన రోజే ఇల్లు అడగబోయి ఓనరు తల పగలగొట్టిన యువ రచయిత అని పేపర్లో వేస్తారు. పారిపోదామా అని చూస్తుంటే, వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య భూలక్ష్మి గారు తాపీగా అన్నారు. "కొట్టు బిడ్డా. కొట్టకుంటె గది ఇయ్యడు."

కళ్లు మూసుకుని కొట్టాను. తెరిచి చూస్తే ఆయన మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ, నాడి చూసుకునే వైద్యుడిలా ఏదో ఆలోచిస్తున్నారు. "ఎడమ దిక్కు జర అదిరింది. రేపు సామాను తెచ్చుకోండ్రి" అన్నారు. అలా నాకు గది దొరికింది, రోజూ పొద్దున్నే ఓనరును కొట్టే ఉద్యోగమూ దొరికింది.

కరెంటు బిల్లు రాసేవాడు కొట్టాలి. పాలవాడు కొట్టాలి. క్షవరం చేయించుకునేటప్పుడు కూడా టోపీ తీసేవారు కాదు. చుట్టూ కనిపించినంత కత్తిరించమనేవారు. శ్రీనగర్ కాలనీలో ఒక పెళ్లికి వెళ్లాం. వధూవరులు అక్షింతల కోసం తల వంచితే, వాళ్ల ముందు ఈయన కూడా తల వంచారు. పెళ్లికొడుకు నా ముఖం కేసి చూశాడు. నేను పందిరి కేసి చూశాను. పాపం ఆ కుర్రాడు తాళి కట్టిన చేత్తోనే ఒకటి వేశాడు. అమ్మాయి తరఫు వాళ్లు అది చూసి నిశ్చేష్టులయ్యారు, అల్లుడి స్వభావం గురించి చాలాసేపు గుసగుసలాడుకున్నారు.

ఒకసారి బుద్ధి లేక ఆయన్ని మా షూటింగుకు తీసుకెళ్లాను. మా హీరో కొత్తవాడు, జిమ్ముకు వెళ్లి కండలు పెంచినవాడు. "గుద్దుండ్రి బాబూ, ఏం గాదు" అని ఈయన తల వంచారు. హీరో కెమెరా వైపు ఒక నవ్వు నవ్వి, పిడికిలి బిగించి గుద్దాడు. బాలనర్సయ్య గారికి ఏమీ కాలేదు. హీరో మణికట్టు బూరెలా వాచింది, మూడు రోజులు షూటింగు ఆగిపోయింది. పోరాట సన్నివేశంలో హీరోకు గాయం అని పేపర్లలో వచ్చింది. నిర్మాత నన్ను గేటు దగ్గరే ఆపేయమన్నాడు. బాలనర్సయ్య గారు మాత్రం, "గట్టిగనే గుద్దిండు. మంచి పోరడు" అని మెచ్చుకున్నారు.

ఇంతకంటే నన్ను నివ్వెరపరిచింది ప్రభుత్వం ఆ టోపీలు కొనే పద్ధతి. నమూనాలు మనమే చేసి పంపాలి. వాళ్లు కాల్చి చూస్తారు. కాల్చిన టోపీ తిరిగి రాదు, చాలాకాలం జవాబు కూడా రాదు. ఇంగ్లీషు ఉత్తరాలు నేనే రాసేవాణ్ని కాబట్టి జరిగిందంతా నాకు తెలుసు. మొదటిసారి బరువెక్కువ అన్నారు. బరువు తగ్గిస్తే చెవులు కప్పడం లేదన్నారు. చెవులు కప్పితే వైర్‌లెస్ పెట్టుకోవడానికి చోటేదన్నారు. చోటు చేస్తే, ఆ మాట అన్న అధికారి బదిలీ అయ్యాడు, కొత్తాయన పాత ఆకారమే బాగుందన్నాడు. అయిదోసారి ఫైలు కనపడలేదు. ఆరోసారి వచ్చిన ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను.

"ఏం రాసిన్రు రైటర్ సాబ్?"

"ఇంతకుముందు సైన్యానికి టోపీలు అమ్మిన అనుభవం ఉందా అని అడుగుతున్నారు."

"వాళ్లు కొంటెనే గద అనుభవం?"

"అనుభవం ఉంటేనే కొంటారట."

ఆయన కోప్పడలేదు. నా వైపు తల వంచారు.

అప్పటికి హైటెక్ సిటీ లేచింది. ఆయన దగ్గరున్న ఒక్క ఇంజనీరూ మూడు నెలలు జావా నేర్చుకుని వెళ్లిపోయాడు. షెడ్డును ఇమ్మని ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటు వాళ్లు వారానికోసారి వచ్చేవారు. భూలక్ష్మి గారికి ఓపిక అయిపోయింది. "ఏడోసారి గూడ గాకుంటె షెడ్డు వాళ్లకిచ్చెయ్యాలె. నా మీద ఒట్టు" అన్నారు. ఆయన ఒట్టు వేశారు. ఆయన టోపీల మీద నాకున్న నమ్మకం అంతంత మాత్రమే గాని, ఆ ప్రెస్సు ఆగిపోయి, ఆ రేకుల కింద నలభై మంది కీబోర్డులు టకటకలాడిస్తుంటే ఈయన ఎక్కడ కూర్చుంటారో ఊహకు అందలేదు.

రెండు వేల నాలుగులో ఏడో పరీక్ష జరిగింది. ఎవరూ నమ్మలేదు గాని, టోపీ నెగ్గింది. ఒక్క తూటా కూడా లోపలికి దిగలేదట. ముందు యాభై టోపీలకు ఆర్డరిస్తామని, దానికి ముందు అధికారి వచ్చి షెడ్డు చూస్తారని ఉత్తరం వచ్చింది. చూడాల్సింది ముఖ్యంగా ఒక గుడ్డ. తూటాను ఆపే ఆ పసుపుపచ్చ గుడ్డ విదేశాల నుంచి రావాలి. యాభై టోపీలకు సరిపడా గుడ్డను రెండేళ్ల కిందటే సైన్యం పేరు చెప్పి పర్మిట్ మీద తెప్పించుకున్నారు.

వచ్చింది కర్నల్ సత్యనారాయణమూర్తి గారు. కాకినాడ వైపు మనిషి, మర్యాదస్తుడు. జీపు దిగగానే బాలనర్సయ్య గారు ఎదురెళ్లి తల వంచారు.

"ఏంటండీ ఇది?" అన్నారు కర్నల్ గారు ఒక అడుగు వెనక్కి వేసి.

"కొట్టాలండీ" అన్నాను నేను. "ఏడేళ్లుగా ఇంతేనండీ. టోపీని పరీక్షిస్తున్నారు."

కర్నల్ గారు కొట్టలేదు. ఆ టోపీని చూసి అన్నారు. "అప్పడాల కర్రతో కొడితే తూటా సంగతి ఏం తెలుస్తుందండీ? ఈ దెబ్బ వేరు, ఆ దెబ్బ వేరు. పైగా ఇది మీరు మాకు పంపిన టోపీలో సగం మందం కూడా లేదు. ఇరవై ఆరేళ్లు ఆయుధాల మధ్య పనిచేసిన మీకు నేను చెప్పాలా?"

బాలనర్సయ్య గారు నేల చూపులు చూశారు. ఏడేళ్లు రోజూ కొట్టాను గాని, ఈ ప్రశ్న ఒక్కనాడూ తట్టలేదు. ఏటేటా టోపీ పలచబడుతుంటే ఢిల్లీ వాళ్లు బరువు తగ్గించమన్నారు కదా, అందుకే అనుకున్నాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. అలమారా తెరిచి గుడ్డ కొలిచారు. ముప్పై ఒక్క టోపీలకే వస్తుంది. పందొమ్మిది టోపీల గుడ్డ లేదు.

"మిగతాది ఏమైందండీ?"

"వాడిన సార్."

"దేనికి?"

బాలనర్సయ్య గారు అలమారా తలుపు మూశారు.

"చూడండి, అది సైన్యం పేరు మీద వచ్చిన గుడ్డ. బయట అమ్మితే ఆర్డరు పోవడమే కాదు, కేసవుతుంది."

"అమ్మలె సార్. వాడిన. తక్కువున్నదనే రాసుకోండ్రి."

ఈయన దొంగతనం చేశారంటే నా కళ్లతో చూసినా నమ్మను, కాని అలమారాలో గుడ్డ లేదు. భూలక్ష్మి గారు ఒక్క మాట అనకుండా చెప్పులేసుకుని గేటు దాటి వెళ్లిపోయారు. పుట్టింటికే అనుకున్నాను. పది నిమిషాల్లో మంజులతను వెంటబెట్టుకుని తిరిగొచ్చారు.

మంజులత వెనక వీధిలో ఉంటుంది, మా హీరోయిన్లకు డూపు. తెర మీద హీరోయిన్ మేడ మీద నుంచి పడితే, నిజంగా పడేది ఈవిడ. మధ్యాహ్నం షూటింగు ఉందేమో, అప్పటికే పొడుగు జడ విగ్గు పెట్టుకుని ఉంది.

"చూపియ్యి బిడ్డా" అన్నారు భూలక్ష్మి గారు.

"వద్దమ్మా" అన్నారు బాలనర్సయ్య గారు. ఆయన గొంతులో బెదురు నేను వినడం అదే మొదలు.

మంజులత ఆయన మాట వినలేదు. విగ్గు తీసింది. కింద, తలకు అంటుకుపోయినట్టు, పలచటి టోపీ. అంచు దగ్గర పసుపుపచ్చ గుడ్డ కనిపిస్తోంది.

"పోయిన నెల మెట్ల మీద నుంచి దొర్లానండీ" అంది కర్నల్ గారితో. "పదమూడు మెట్లు, నాలుగు టేకులు. మూడోసారి తల మెట్టు అంచుకు కొట్టుకుంది. ఇది లేకపోతే ఈపాటికి నా ఫొటోకు దండ వేసేవారు."

పదమూడు మెట్లని రాసింది నేనే. ఏడైతే చప్పగా ఉంటుందని కొట్టేసి పదమూడు చేశాను. రాయడానికి ఒక్క లైను పట్టింది. ఆ మెట్ల మీద నుంచి ఎవరో ఒక మనిషి పడాలన్న సంగతి నాకు అప్పుడు గుర్తు లేదు.

"ఇలాంటివి ఎన్ని చేశారు?" కర్నల్ గారి గొంతు మారింది.

"అరవై రెండు నెత్తులు సార్. అన్నీ డూపులయి, ఫైటర్లయి. ఎక్కువ యూసుఫ్‌గూడలనే. పలచగ లేకుంటె విగ్గు కూసోదు. పలచగయితె దెబ్బ ఆగదు. ఎంత పలచగైతె ఎంత ఆగుతదో ఎవ్వల నెత్తి మీద జూడాలె? నాదే జూసుకున్న."

"మరి ఈ దాపరికం ఎందుకండీ?"

"ఫైట్ మాస్టర్‌కు తెలిస్తె, టోపీ ఉన్నది గద, ఇంకో అంతస్తు మీదికెల్లి దుంకు అంటడు. అందుకె మేం అరవై ముగ్గురం ఒట్టేసుకున్నం. నడి బజార్ల కొట్టిచ్చుకుంటె పిచ్చోడంటరు. పిచ్చోన్ని ఎవ్వలు ఎందుకని అడగరు."

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. "తప్పు నాదే సార్. మిలిటరీ టోపీలు ఏడేండ్లాయె, ఒక్క నెత్తి మీదికి పోలె. గుడ్డ అల్మారిల పండుకున్నది. రోజు కిందవడేటోళ్లు నా కండ్ల ముంగట తిరుగుతున్నరు. నాతోని గాలె. మీరు అబద్ధం రాయకుండ్రి. నా కోసం రాయకుండ్రి."

కర్నల్ గారు తనిఖీ కాగితం తీసి ముందు పెట్టుకున్నారు. షెడ్డు పోయిందని నాకు అర్థమైంది. భూలక్ష్మి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరకు ఆయన కలం తీసి నాలుగు లైన్లు రాసి, పైకే చదివారు.

"పందొమ్మిది టోపీలకు సరిపడు గుడ్డ, మానవ శిరస్సులపై పరీక్షల నిమిత్తం ఖర్చయినది. పరీక్షల ఫలితములు సంతృప్తికరం. గుడ్డ మరల తెప్పించుకొనుటకు ఆరు నెలల గడువు ఇవ్వవచ్చును." తలెత్తి అడిగారు. "ఇందులో అబద్ధం ఏదైనా ఉందా, రచయిత గారూ?"

లేదన్నాను. పదిహేను సినిమాలు రాశాను గాని అలాంటి డైలాగు నాకు ఒక్కటీ పడలేదు.

జీపు దాకా అందరం వెళ్లాం. కర్నల్ గారు ఎక్కబోయి ఆగారు. డ్రైవరుకు వినపడకుండా బాలనర్సయ్య గారిని పక్కకు పిలిచారు.

"మా అమ్మాయి శ్రీనిధికి హైటెక్ సిటీలో ఉద్యోగమండీ. ఆ లారీల మధ్య స్కూటీ మీద వెళ్తుంది. హెల్మెట్ పెట్టుకోమంటే జుట్టు పాడవుతుందని స్కార్ఫ్ చుట్టుకు పోతుంది. తను ఇల్లు చేరేదాకా వాళ్లమ్మకు కాలు నిలవదు. ఆ స్కార్ఫ్ కింద కనపడకుండా ఒకటి, మిలిటరీ గుడ్డ కాకుండా ఇంకేదైనా గుడ్డతో..." కాస్త మొహమాటపడ్డారు. "ఎప్పటికి ఇవ్వగలరు?"

బరువెందుకు, చెవులేవి, అనుభవం ఉందా అని ఏడేళ్లలో ఎన్ని ప్రశ్నలు వచ్చినా బాలనర్సయ్య గారి దగ్గర జవాబుంది. ఎప్పటికిస్తావని మాత్రం సర్కారు తరఫున ఎవరూ అడగలేదు. కొట్టకుండానే ఆయన తల తిరిగినట్టుంది, గేటు పట్టుకున్నారు.

ఆయన వెనక నుంచి భూలక్ష్మి గారే చెప్పారు. "శుక్రారం రాండ్రి సారూ. పిల్లను గూడ తీస్కరాండ్రి, కొల్త దీసుకోవాలె."