భర్త పేరు రాసే గడి

మొన్న కంటి ఆసుపత్రిలో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి, భర్త పేరు చెబితేగానీ పని ముందుకు జరగదండీ అంటే, హాలంతా తిరిగి చూసేలా మా ఆయన పేరు అరిచి చెప్పాను. పక్కనున్న మనవరాలు సిగ్గుతో నా చెయ్యి గిల్లింది. ఆ గడి చూస్తే నాకు ఒళ్ళు మండుతుందని దానికేం తెలుసు!

డెబ్భైల చివర్లో నేను పుదుచ్చేరిలో ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో గుమస్తాని. తుఫానుకు వైతికుప్పం అనే జాలరిపేటలో గుడిసెలు కొట్టుకుపోతే జనాన్ని తెచ్చి బడుల్లో శిబిరాలు పెట్టి ఉంచారు. ఎవరికి ఏ మందు పడదో శిబిరం డాక్టరు రాసింది ఆసుపత్రి డాక్టరుకు తెలిసేలా ఒక కార్డు తయారుచెయ్యమని నాకు అప్పజెప్పారు. మనిషికో అట్ట కార్డు, అది ఆ మనిషి దగ్గరే ఉండేలా నేను గీసుకెళితే, మా ఆఫీసరు ఎర్ర సిరాతో కొట్టేసి, వాళ్ళ దగ్గరుంటే పారేసుకుంటారు, కుటుంబ పెద్ద పేరు మీద కట్టలు కట్టి ఆసుపత్రిలోనే పెట్టమన్నాడు. మా ఊళ్ళో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు సార్ అని నసిగాను. నేనూ చెప్పేదాన్ని కాదు, రేషను షాపులో కూడా మా అత్తగారే చెప్పాలి. ప్రాణం మీదికొస్తే అందరూ చెబుతారులే అని నవ్వాడు మహానుభావుడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను.

మా వీధికి చేపలు తెచ్చే అక్క కూడా ఆ శిబిరంలోనే ఉంది. తమిళావిడే అయినా మా ఇళ్ళ మధ్య తిరిగి తిరిగి మా తెలుగు పట్టేసింది, బేరంలో మా అత్తగారినే మూడు చెరువుల నీళ్ళు తాగించేది. మొగుడు పడవ వెతుక్కుంటూ తీరాన ఉన్నాడు. నేను పేరడిగితే, "ఏంది పాపా, ఆయన పేరు నేనెట్ట చెప్పేది? మా పిల్లోడి పేరు రాసుకో, ఊరంతా నన్ను వాడి అమ్మా అనే గదా పిలిచేది" అంది. వెనకాల జనం తోసుకుంటున్నారు, రాసేశాను. అదే రోజు సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, శిబిరం డాక్టరు ఆ కార్డు మీద పెన్సిలిన్ పడదని పెద్ద అక్షరాలతో రాశాడు; సాయంత్రానికి అది పిల్లవాడి పేరు మీద ఆసుపత్రి కట్టల్లో చేరింది.

మూడో రోజు మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్ళినప్పుడు, రేకు కోసుకున్న కాలు వాచి, జ్వరంతో స్పృహలేని అక్కను మొగుడు భుజాన వేసుకొచ్చాడు. సూది సంగతి అతనికి తెలియదు. తన పేరు మాత్రం చక్కగా చెప్పాడు. ఆ పేరుతో కట్ట లేదు. కొత్త కార్డు రాసి పెన్సిలిన్ ఇచ్చారు. నేను అన్నం తిని వచ్చేసరికి ఆమె పోయింది. పిల్లవాడి పేరున్న కట్ట విప్పి చూస్తే, ఆ కార్డు అందులోనే ఉంది.

తర్వాత వచ్చిన తుఫానుకు కార్డులు మనుషుల మెడల్లోనే కట్టించారు, నేను మొదట గీసినట్టే. ఇప్పుడు మా కోడలు మా అబ్బాయిని పేరుపెట్టి కేకేస్తుంది, ఎవరూ ఏమీ అనుకోరు. కాలం మారింది, సంతోషమే. కానీ ఆ రోజు ఆఫీసరు రాసిన నివేదికలో, రోగి సరైన వివరాలు ఇవ్వకపోవడమే మరణానికి కారణమని ఉంది. దాన్ని టైపు చేసింది నేనే, నోరెత్తకుండా.