ముప్పై మూడక్షరాల డచ్చి మాట

ఆ రోజుల్లో డచ్చి భాష పుణ్యమా అని నేను పోగొట్టుకున్నవి లెక్క వేస్తే ఇంతవుతాయి: రెండు ఆదివారాలు, హార్బర్లో మరచిపోయిన గొడుగొకటి, నూటికి ముప్పై ఒక్క మార్కులు, నా లెక్క తప్పదన్న గర్వం మొత్తం. మద్దిలపాలెంలో విదేశీ పుస్తకాలకు పేజీలు కట్టే చిన్న ఆఫీసులో పరీక్ష మీద చేరాను. హాలెండు నుంచి వచ్చిన బీమా పుస్తకంలో వరస చివర పట్టని పొడుగు మాటలను ఎక్కడ విరవాలో గీతలు పెట్టడం పని. ఆ భాష మాలో ఎవరికీ రాదు (ఆఫీసు నడిపే సారుకీ రాదు, కాకపోతే ఆయన దగ్గర హాలెండు వాళ్లు పంపిన జవాబుల పట్టీ ఉండేది). ఎన్ని అచ్చులుంటే అన్ని ముక్కలని నేనే ఒక సూత్రం కట్టుకున్నాను. మొదటి నూరు మాటల్లో ముప్పై ఒకటి తప్పాయి. రెండో నూరులో ఐదు దాటితే ఇంటికి వెళ్లిపొమ్మన్నారు.

ముప్పై మూడక్షరాల మాటొకటి పన్నెండు ముక్కలని తేల్చుకుని దిగులుగా కూర్చుంటే, నా గదిలో ఉండే బావ (చుట్టరికం లేదు, సగం అద్దె ఉంది) తొంగి చూశాడు. హార్బర్లో వలలు లాగేవాడు. "కంటితో లెక్కెడతావేటి బావా? నోటితో అను. నాను తాడు లాగుతాను. సెయ్యి మారిన సోట నువ్వు గీత గియ్యి" అన్నాడు. రెండు ఆదివారాలు ఒడ్డున కూర్చుని నేను చదవడం, అతను లాగడం. ఆ పొడుగు మాట పది లాగుళ్లలో ఒడ్డుకొచ్చింది. పక్కపక్కనున్న రెండచ్చులు ఒకే ఊపులో వెళ్లిపోతాయని అప్పుడు తెలిసింది. రెండో నూరులో నాలుగే తప్పులు. మూడు నావి, ఒకటి బావ చుట్ట ముట్టించుకోవడానికి ఆగిన చోట నేను శ్రద్ధగా గీసిన గీత. ఉద్యోగం నిలిచింది.

"లాగించేవు, బాగుంది. ఏటి లాగేనో సెప్పవా?" అన్నాడు బావ. నూటికి నూరు మాటల అర్థాలూ చెబుతానని ఒప్పుకున్నాను. నిఘంటువు పట్టుకుని ఏళ్ల మీద తొంభై తొమ్మిది చెప్పాను. ఆ పది లాగుళ్ల మాట మాత్రం ఏ నిఘంటువులోనూ దొరకలేదు. మొన్న ఫోన్లో దొరికింది: పని చేసే సత్తువ పోయినవాడికి ఇచ్చే బీమా. బావ కుడి భుజం పోయి మూడేళ్లయింది. అలాంటి కాగితం ఏదీ అతని దగ్గర లేదు. నీడపట్టున కూర్చుని ఎడమచేత్తో వలలు అల్లుతున్నాడు.

నిన్న కనపడితే మళ్లీ అడిగాడు. "ఇంకా ఎతుకుతన్నాను బావా" అన్నాను. "నీ లెక్కలు ఇంతే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. తొంభై తొమ్మిది చెల్లు. బాకీ ఒకటి.