ఎడమ మెలి పెట్టిన తీగ

కొలవగలిగితేనే నమ్మే రకం నేను. మెకానికల్ డిప్లొమా చేశాను. ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే, ఆ రోజు వెలుతురు ఎంత, దూరం ఎంత, తాగి ఉన్నారా అని అడిగి మాట తుంచేసేవాణ్ని. ఇప్పుడు నేనే ఒకటి రాస్తున్నాను కాబట్టి, చూసింది చూసినట్టు రాస్తాను. ఇది పట్టపగలు జరిగింది.

మాది గోదావరిఖని. బాపు, అంటే మా నాన్న, ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో హాలేజీ మీద పనిచేశాడు. బొగ్గు నింపిన టబ్బులను ఒకదానికొకటి తగిలించి, ఉక్కు తాడుతో వాలు మీద పైకి లాగే పని అది. తగిలింపు ఊడితే టబ్బులు వెనక్కి దొర్లుతాయి. కింద మనుషులుంటారు. అందుకని బాపు వాళ్ల జట్టులో ఒక పద్ధతి ఉండేది. తగిలింపుకు పిన్ను పెట్టేవాడు ఒకడు, దాన్ని చేత్తో ముట్టి చూసేవాడు ఇంకొకడు. రెండోవాడు ముట్టి చూసేదాకా బండి కదలడానికి గంట కొట్టేవాళ్లు కాదు.

బాపుకు ఇంకో అలవాటు ఉండేది. బాయిలో పేలుళ్లకు వాడి పారేసిన సన్నటి రంగు తీగలతో మా కాలనీలో ఆడవాళ్లు బుట్టలు అల్లేవాళ్లు. బాపు వాటితో గొడుగు పుల్ల నుంచి టిఫిన్ మూత దాకా అన్నీ కట్టేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. అందరూ కుడివైపు తిప్పే మెలిని ఎడమవైపు తిప్పేవాడు. మూడు మెలికలు, ఆపైన కొస లోపలికి మడత, ఎవరి చేతికీ గుచ్చుకోకుండా.

రెండేళ్ల కింద పుణెలో ఒక పాత కారవాన్ కొన్నాను. రెండు పడకలు, చిన్న పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న చక్రాల ఇల్లు. ఆదిలాబాద్ అడవులు, జలపాతాలు చూడటానికి వచ్చేవాళ్లకు అద్దెకివ్వాలని నా ఆలోచన. దాన్ని లాగడానికి మా పికప్‌ను నేనే సిద్ధం చేశాను. ఛాసిస్‌కు వెనక బండిని తగిలించే హిచ్ బిగించడం, ట్రెయిలర్ బ్రేకులకు, లైట్లకు వైరింగ్, పొడవాటి అద్దాలు, టైర్లలో గాలి, తగిలింపు ఊడినా బండి విడిపోకుండా అడుగున ఒకదాని మీద ఒకటి దాటించిన రెండు గొలుసులు. పెద్దపల్లిలో ఒక రైస్ మిల్లు ధర్మకాంట మీద తూకం వేయించాను. కారవాన్ పదకొండు వందల ఎనభై కిలోలు. అందులో ముందు కొస, అంటే ముక్కు, పికప్ మీద మోపే బరువు నూట నలభై. సరిగ్గా ఉండాల్సినంత. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

ముక్కు బరువు సంగతి బాపు కాగితం లేకుండానే చెప్పాడు. నీళ్ల ట్యాంకు వెనక పెట్టబోతుంటే కుర్చీలో నుంచే అన్నాడు.

"ముందటికి జరుపు రా. ముందట బరువు లేకుంటే ఎన్కది తోక ఊపుతది."

నేను పద్నాలుగు అంశాలతో జాబితా రాసి, ప్రతిదానికి పక్కన గడి గీసి ఆయనకు చూపించాను. చాలాసేపు చదివాడు.

"మంచిగనే ఉన్నది. గని టిక్కు పెట్టేది నువ్వే, చూసేది నువ్వే. నీ కాయిదం నీ మాటనే ఇంటది. ఇంకోని చెయ్యి పడాలె."

"పక్కన ఇంకో మనిషిని ఎక్కడ తేవాలె బాపూ?"

"నేను లేనా?"

మొదటి ప్రయాణానికి ఆయన లేడు. నిరుడు వానాకాలంలో గుండె ఆగి పోయాడు.

ఈ చలికాలంలో ఉట్నూర్ దగ్గర కారవాన్ కావాలని ఒక కుటుంబం అడిగింది. అవ్వ, అంటే మా అమ్మ, కూడా వస్తానంది. పొద్దున కాలనీ సగం మా ఇంటి ముందు చేరింది. కారవాన్ కొన్నప్పుడు నవ్వినవాళ్లే ఫొటోలు తీసుకున్నారు. నాకు ఛాతీ పొంగిన మాట నిజం. జాబితా ప్రకారం ఒక్కొక్కటి చేసి, ఫొటో తీసి, టిక్కు పెట్టి, తొమ్మిదీ నలభైకి బయల్దేరాం.

మంచిర్యాల, లక్సెట్టిపేట దాటాం. జన్నారంలో చాయ్ తాగాం. తర్వాత అడవిలో ఎత్తు ఎక్కుతుంటే ఒక జీపు వెనక పడింది. లోపల, వెనక బంపర్ మీద, అంతా మనుషులే. మలుపులో ఒక గుంతలో పడి కారవాన్ ఎగిరి దబ్బున కూర్చుంది. పికప్ మొత్తం అదిరింది. అద్దంలో చూస్తే కారవాన్ నా వెంటే ఉంది. మలుపు దాటాక జీపు పక్కకు వచ్చింది. డ్రైవర్ తల బయటపెట్టాడు.

"అన్నా, ఇల్లు నీ ఎంబడే వస్తాంది. మేమూ ఎక్కాల్నా?"

అవ్వ నవ్వింది. నేనూ నవ్వాను. బ్రేకులు, ముక్కు బరువు, నా లెక్కలన్నీ నిలబడ్డాయని గర్వపడ్డాను.

ఉట్నూర్‌లో దిగి పెన్ను కోసం చొక్కా జేబులో చెయ్యి పెడితే పిన్ను తగిలింది.

కారవాన్ ముక్కు పికప్ వెనకున్న ఇనుప గుండు మీద కూర్చుంటుంది. దాని మీద గొళ్లెం మూసుకుంటుంది. ఆ గొళ్లెం లేవకుండా పెట్టే పిన్ను అది. ఫొటో తీయడానికి దాన్ని జేబులో వేసుకుని, పెట్టకుండానే టిక్కు పెట్టేశాను. గొలుసులు ఉన్నాయి, నిజమే. కానీ ఎత్తు మీద ముక్కు ఊడి రోడ్డును గీరుకుంటూ ఊగితే వెనక అంతమందితో జీపు ఏమయ్యేదో ఊహించడానికి నాకు ధైర్యం చాలలేదు.

వెనక్కి వెళ్లి చూశాను. గొళ్లెం మూసే ఉంది. పిన్ను పెట్టాల్సిన రంధ్రంలో తెలుపు మీద నీలి గీత ఉన్న సన్నటి తీగ ఉంది. మూడు మెలికలు, ఎడమవైపు. కొస లోపలికి మడిచి ఉంది.

నేను కట్టి మరిచిపోయానా? బయల్దేరేముందు తీసిన ఫొటో పెద్దది చేసి చూశాను. రంధ్రం ఖాళీ. అందులోంచి మా గోడ సున్నం కనిపిస్తోంది. ఫొటో తీశాక నేరుగా బండెక్కాను, అప్పటికే అవ్వ సీట్లో ఉంది. జన్నారంలో హోటల్ ముందు బల్ల మీద ఇద్దరం బండికేసే చూస్తూ కూర్చున్నాం. జీపు డ్రైవర్‌ను బస్టాండ్‌లో వెతికి పట్టుకుని అడిగాను.

"జన్నారం నుంచి నీ ఎన్కనే ఉన్న గదనే. ఎవలు రాలే. ఏమన్న పోయిందా?"

ఏమీ పోలేదన్నాను.

అలాంటి తీగ మా ఇంట్లో అయిపోయి ఏళ్లు దాటింది. చివరి చుట్ట అవ్వ బుట్టలో కలిసింది. ఇంటికొచ్చాక ఆ బుట్టను తిప్పి తిప్పి చూశాను, ఒక్క పోగు తగ్గలేదు. ఎడమవైపు మెలి నేను వేసి చూశాను. అంత బిగువు రాలేదు.

కానీ ఇదంతా తర్వాత. ఆ మధ్యాహ్నం ఉట్నూర్‌లో అవ్వను పిలిచి చూపించాను. ఆమె వంగి, మడిచిన కొస మీద వేలు పెట్టి, మెల్లగా లాగి చూసింది.

"గట్టిగనే ఉన్నది. నేను ముట్టి చూసిన. ఇగ నడువు బిడ్డా."

ఆ పద్ధతి ఆమెకు ఎవరు నేర్పారో నేను అడగలేదు.

ఇప్పటికి కారవాన్ ఆరుసార్లు వెళ్లొచ్చింది. పిన్ను దాని చోట ఉంటుంది. దాని పక్కనే, ఎడమ మెలితోనే, ఆ తీగ గొళ్లేనికి చుట్టి ఉంది. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో నేను లెక్క తేల్చలేకపోయాను. జాబితాలో మాత్రం పదిహేనో గడి చేర్చాను. అందులో టిక్కు నేను పెట్టను. అవ్వ బయటికొచ్చి, వంగి, ముట్టి చూసి పెడుతుంది. అప్పటిదాకా బండి స్టార్ట్ చేయను.